రెండో నంబరు గాలి కోసం మూడు రోజులు

కూకట్‌పల్లి నుంచి సైదాబాద్‌కు పాతిక కిలోమీటర్లు. ఈ దూరానికి యాత్ర అనే మాట వాడితే నవ్వేవాళ్లుంటారని తెలుసు. కానీ ముప్పై ఏళ్లు ఇదే నగరంలో పత్రికాఫీసుల్లో పనిచేసి, మూసీకి ఆవల నేను నిద్రపోయిన రాత్రులు లెక్కపెడితే ఒక చేతి వేళ్లు సరిపోతాయి. అటు వెళ్లేది గొడవ జరిగినప్పుడు, లేకపోతే రంజాన్ నెలలో హలీం మీద వార్త రాయాల్సి వచ్చినప్పుడు. రెండు సందర్భాల్లోనూ పని కాగానే ఆఫీసుకు పరుగెత్తడమే.

ఈ మే నెలలో మూడు రోజులు ఉండి వచ్చాను. చార్మినార్ చూడలేదు. గాజులు కొనలేదు. ఒక కారు డాష్‌బోర్డు అడుగుభాగం మాత్రం బాగా చూశాను.

సైదాబాద్: శాలువా

మా అక్క వాళ్లది సైదాబాద్. బావ యాదగిరి కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. రెండేళ్లుగా ఆయన కిడ్నీలు పనిచేయడం లేదు. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం పన్నెండుకు డయాలసిస్. ఆస్పత్రి మూసీకి అవతలి ఒడ్డున ఉంది. ఎప్పుడూ కారులో తీసుకెళ్లే కూతురు సంధ్య ఉద్యోగ శిక్షణ కోసం వేరే ఊరెళ్లింది, ఆదివారానికి గానీ రాదు. ఆమె స్థానంలో డ్రైవరుగా నేను.

కారు పన్నెండేళ్లది. ఏసీ చల్లగానే ఉంది. గాలి గుండీ మీద నాలుగు అంకెలున్నాయి. గురువారం పొద్దున నేను తిప్పి చూసినప్పుడు ఒకటి, రెండు, మూడు పనిచేయలేదు. నాలుగు పనిచేసింది. పనిచేసింది అనడం కన్నా ఎన్నికల సభలో మైకులాగా అరిచింది అనడం సబబు. దాని పక్కన వేడి చలి మార్చే గుండీ కూడా ఉంది. దాన్ని తిప్పితే తిప్పిన తృప్తి తప్ప ఏమీ రాదు. ఎప్పుడో నీళ్లు కారుతున్నాయని ఒక మెకానిక్ హీటరుకు వెళ్లే పైపు మూసేశాడట. “హైదరాబాద్‌ల హీటర్ ఎందుకన్నా?” అన్నాడట. ప్రశ్న న్యాయమైనదే.

“రెసిస్టర్ పోయింది” అన్నాడు బావ, ముందు సీట్లో బెల్టు పెట్టుకుంటూ. “పోయిన చలికాలంల ఒకటి వేయించిన, ఉగాదికి ఒకటి. ఇది కూడ కాలింది.”

తెలియనివారికి: ఆ రెసిస్టరనేది అగ్గిపెట్టెంత ముక్క. గాలి పంఖాకు వెళ్లే కరెంటును తగ్గించి ఇవ్వడం దాని ఉద్యోగం. ఒకటి నుంచి మూడు నంబర్ల దాకా కరెంటు దాని మీదుగానే పోవాలి. నాలుగుకు దానితో పని లేదు, నేరుగా వెళ్తుంది. అందుకే అన్నీ పోయినా నాలుగు మిగులుతుంది.

“కొత్తది వేయిస్తా బావా.”

“వేయించుడు ఎవనికైనా వస్తది బామ్మర్ది. ఎందుకు కాలుతుందో సూడు ముందు. ఫ్యూజు పోయిందంటే ఫ్యూజుది తప్పు కాదు. దాని మీద లోడు ఎవడు పెట్టిండో సూడాలె.”

ముప్పై నాలుగేళ్లు స్తంభాలెక్కిన మనిషి మాటను నేను గౌరవంగా విని, పక్కన పెట్టాను.

అక్క కిటికీలోంచి ఒక శాలువా అందించింది. “వచ్చేటప్పుడు చలి పెడ్తే కప్పుకో.”

బావ దాన్ని వెనక సీట్లోకి విసిరాడు. “మే నెలల శాలువ కప్పుకొని సిగ్నల్ కాడ కూసుంటే, ఎక్కడనో సన్మానం అయ్యొస్తున్ననుకుంటరు.”

మలక్‌పేట: ఆటో

డయాలసిస్ మెషిన్ మీద నాలుగు గంటలు ఉండి వచ్చిన మనిషికి ఒళ్లంతా చలి. బయట ఎండ నలభై రెండు డిగ్రీలు. ఈ రెండింటి మధ్య ఉండాల్సింది రెండో నంబరు గాలి. అది లేదు.

నాలుగు పెట్టాను. మూసీ దాటేసరికి బావ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. గాలి వచ్చే జాలీలు పక్కకు తిప్పితే అద్దానికి తగిలి మళ్లీ ఆయన మీదికే వచ్చింది. ఏసీ ఒక్కటే ఆపితే అదే పంఖా రోడ్డు మీది వేడిని లోపలికి తోడింది. అన్నీ ఆపి కిటికీలు దించితే రెండు నిమిషాల్లో చెమటలు పట్టి కళ్లు తిరుగుతున్నాయన్నాడు. మళ్లీ నాలుగు. మళ్లీ వణుకు. వెనక సీట్లో శాలువా ఉంది, కానీ దాని గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

మలక్‌పేట గుర్రపు పందేల మైదానం దగ్గర ట్రాఫిక్ ఆగింది. బావ తలుపు తీసుకుని దిగాడు. ఆటో పిలిచి ఎక్కాడు. సైదాబాద్ దాకా ఆ ఆటో వెనకాలే ఖాళీ కారు నడుపుకుంటూ వెళ్లాను. పాత్రికేయ జీవితంలో చాలామంది నన్ను తప్పించుకుని వెళ్లారు కానీ ఇంత నెమ్మదిగా ఎవరూ వెళ్లలేదు.

ఇంటి గేటు ముందు ఆయన కాళ్లు నిలవలేదు. ఆటో అతనూ నేనూ చెరో పక్క పట్టుకుని లోపలికి తెచ్చాం. అక్క తడిగుడ్డతో మొహం తుడిచింది. చాలాసేపటికి బావ కళ్లు తెరిచాడు.

“శనివారం నేను పోను.”

“పోకపోతే?” అంది అక్క.

“పోకపోతే ఏమైతదో నీకు ఎరికే, నాకు ఎరికే. గా కార్ల మాత్రం కూసోను.”

“క్యాబు పిలుద్దాం బావా” అన్నాను.

“పోయేటప్పుడు ఎక్కించుకుంటరు. వచ్చేటప్పుడు నా మొహం సూసి ఒకడు పోయిండు, ఒకడు నడిమిట్ల దించిండు. సీటు మీద కక్కుతనని వాని ఫికర్.” తడిగుడ్డ పక్కకు నెట్టాడు. “రెండో నంబర్ గాలి కావాలె నాకు. గంతే.”

ఆయన మొండితనం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒకసారి పోకపోతే తర్వాతి రోజు ఊపిరందక ఏమవుతుందో డాక్టరు మాకు ముందే చెప్పి ఉన్నాడు. శనివారం పదకొండింటికి ఇల్లు దాటాలి. నా చేతిలో శుక్రవారం ఒక్కటే ఉంది. పాతబస్తీలో శుక్రవారం అంటే ఏమిటో కూకట్‌పల్లిలో ఉండేవాడికి తట్టదు.

అఫ్జల్‌గంజ్: శేఠ్

శుక్రవారం పొద్దున్నే అఫ్జల్‌గంజ్ వెళ్లాను. అక్కడి శేఠ్‌ల దుకాణాలకు సెలవు ఆదివారం. నాలుగు తరాల కిందట గుర్రపు టాంగాల సామాను అమ్మిన కుటుంబం, తర్వాత సైకిళ్లవి, ఇప్పుడు కార్లవి అమ్ముతోంది. దుకాణం వెడల్పు రెండు బారలు. లోపలికి ఎంత పొడవుందో ఎవరూ వెళ్లి చూసినట్టు లేదు.

మా వైపు ఇలాంటి ముక్క కావాలంటే కంప్యూటర్లో కారు నంబరు కొట్టి, సోమవారం రమ్మంటారు. ఈ శేఠ్ కారు పేరు కూడా అడగలేదు.

“ఏది నడుస్తుంది?”

“నాలుగు.”

“మిగతావి?”

“లేవు.”

తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి పెట్టి ఒక డబ్బా తీశాడు. “కంపెనీది పన్నెండు వందలు. గసొంటిదే అయితే నాలుగు యాభై.”

కంపెనీదే తీసుకున్నాను. ఇవి మాటిమాటికీ ఎందుకు కాలుతున్నాయని అడిగాను, అడిగితే పోయేదేముందని.

“నేను సామాను అమ్ముత సార్. కారణం అమ్మను. కారణం కావాల్నంటే గౌలిపురల కరీం భాయ్ కాడికి పోండ్రి.”

అవసరం లేదనుకున్నాను. రెండు మరలు, ఒక ప్లగ్గు, అంతే పని. కారును రోడ్డు వారకు ఆపి, తల కాళ్లు పెట్టుకునే చోట, కాళ్లు ఫుట్‌పాత్ మీద పెట్టి పడుకున్నాను. ఐదు నిమిషాల్లో నా కాళ్ల చుట్టూ ఒక సభ ఏర్పడింది. ఒకాయన ఎడమ మర ముందు తిప్పమన్నాడు. ఇంకొకాయన కుడిది. మూడో ఆయన నా చెప్పు తట్టి, “చాచా, జిందా హైఁ క్యా?” అని అడిగాడు. బతికే ఉన్నానని చెప్పాను.

గుండీ తిప్పాను. ఒకటి వచ్చింది. రెండు వచ్చింది. సభ చప్పట్లు కొట్టి చెదిరిపోయింది. బావకు ఫోన్ చేశాను.

“ఎంతసేపయింది?” అన్నాడు.

“ఐదు నిమిషాలు.”

“గంటయినాక చెప్పు.”

దారుల్‌షిఫా: ఖిచిడీ

ఆ గంట గడపడానికి నయాపుల్ దాటి దారుల్‌షిఫా వైపు నడిపాను. ఒక చిన్న హోటల్ ముందు గుండీ రెండో నంబరులో ఉండగానే, ఇంజిన్ ఆపకుండా, కారు కనిపించేలా కూర్చుని ఖిచిడీ తిన్నాను. పసుపుపచ్చటి ఖిచిడీ, దాంట్లోకి ఖట్టా, అప్పడం, కలిపి డెబ్బై రూపాయలు. ఖట్టా అంటే వేయించిన నువ్వులు నూరి చింతపండు పులుసులో కలిపి, పచ్చి ఉల్లిగడ్డ వేసింది. మా ఇంట్లో పొద్దున పూట అన్నం తింటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఇక్కడ తినకపోతే అడుగుతారు.

కారు మళ్లీ నడిపి మీర్ ఆలం మండీ దాకా వచ్చాను. మిరపకాయ బస్తాలు దించుతున్న బండి వెనక ఆగినప్పుడు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. మొదట అది మండీలోంచి అనుకున్నాను. తర్వాత గాలి ఆగింది. ఒకటి లేదు, రెండు లేదు, మూడు లేదు. నాలుగు అరిచింది.

ఫోన్ మోగింది. బావ.

“ఏం తిన్నవ్?”

“ఖిచిడీ.”

“ఖట్టాల నువ్వులు బాగేసిండా?” ఆయనకు చింతపండు నిషేధం. నీళ్లు రోజుకు లీటరు లోపే, అక్క గీతలున్న సీసాలో పోసిస్తుంది. అందుకని ఇతరులు తిన్నదాని గురించి వివరంగా అడుగుతాడు.

“బాగానే వేశాడు.”

“ఉల్లిగడ్డ?”

“సన్నగా తరిగాడు.”

ఫోన్లో గుటక వేసిన చప్పుడు వినిపించింది. ఉల్లిగడ్డను ఊహించుకుంటున్నాడనుకున్నాను.

“కాలిందా?”

“కాలింది.”

“నలభై నిమిషాలు. ఉగాదిది నెలన్నర నడిచింది. అంటే లోడు పెరుగుతుంది.” పెట్టేశాడు.

పత్రికలో చేరిన మొదటి రోజే నేర్పుతారు: ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. నేను నాలుగింటికి జవాబులు పట్టుకుని పన్నెండు వందలు ఖర్చుపెట్టాను. కారు గౌలిపుర వైపు తిప్పాను.

గౌలిపుర: శుక్రవారం

కరీం భాయ్ దుకాణం ఒక సన్నటి గల్లీలో ఉంది. నేను చేరేసరికి ఒంటిగంట. షట్టరు సగం దించి ఉంది. గల్లీలో మనుషులు లేరు. బర్రెలున్నాయి.

ఎదురింటి అరుగు మీద పాల క్యాన్లు కడుగుతున్నావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. పేరు లక్ష్మక్క. నాలుగు బర్రెలు, తొమ్మిది ఇళ్లకు పాల వాడకం అని పరిచయం చేసుకుంది.

“జుమ్మా పూట ఎవరొస్తరన్నా మెకానిక్ కాడికి? నమాజు, మల్ల బువ్వ, మల్ల పండుకునుడు. కూసో.”

కూర్చున్నాను. పది రూపాయలకు పెద్ద గ్లాసు మజ్జిగ ఇచ్చింది. మా వైపు మజ్జిగ డబ్బాలో వస్తుంది, మీద గడువు తేదీ ఉంటుంది. ఇక్కడ మజ్జిగ వచ్చిన చోటు మన పక్కనే నిలబడి నెమరు వేస్తుంది. తాగుతుండగా ఆ బర్రె కారు అద్దానికి వీపు గోక్కుని దాన్ని లోపలికి మడిచేసింది.

“దానికి గా అద్దం అంటే ఇష్టం” అంది లక్ష్మక్క. క్షమాపణలాంటిదేమీ లేదు.

మూడింటికి కరీం భాయ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. తెల్ల లాల్చీ, మీద అత్తరు వాసన. నేను చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి ఎత్తాడు.

“సార్, ఈ బట్టల మీద స్క్రూడ్రైవర్ ముట్ట. కాని ఇంట.”

నాలుగు పెట్టించాడు. కళ్లు మూసుకుని, ముందు సీటు ఎదుట ఉన్న సామాను అర మూతకు చెవి ఆనించాడు. ఆపమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. అలా మూడుసార్లు.

“మోటర్‌కు దమ్ము ఆడ్తలేదు. లోపల ఏందో అడ్డం ఉంది. అది గట్టిగ గుంజుతుంది, రెసిస్టర్ ఆ వేడి మోస్తుంది. మీరు బీమారైనోన్ని ఇడిసిపెట్టి పక్కోనికి మందు ఇస్తున్నరు.”

“రేపు దుకాణం ఎన్నింటికి తెరుస్తారు?”

“పదకొండు. పదకొండున్నర.”

మా వైపు మెకానిక్‌లు తొమ్మిదికే తెరుస్తారని చెప్పబోయి, అది వాదనగా పనికిరాదని మానుకున్నాను. పదకొండింటికి మేం ఆస్పత్రికి బయల్దేరాలని, బావ ఈ కారెక్కనని కూర్చున్నాడని, ఎక్కకపోతే ఏమవుతుందో చెప్పాను. కరీం భాయ్ లాల్చీ చేతులు మడుచుకుంటూ విన్నాడు. మడుచుకున్నవి మళ్లీ దించాడు.

“తెల్లారగట్ల ఫజర్ నమాజ్ అయినాక నేను ఖాళీనే. ఏడింటికి రండ్రి.”

“ఏడింటికా!” అంది అరుగు మీది నుంచి లక్ష్మక్క. “ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. గీ గల్లీల ఏడింటికి నీ షట్టర్ లేస్తే నా బర్రెలు బెదురుతయి.”

గౌలిపుర: శనివారం

బావ తానూ వస్తానన్నాడు. ఆస్పత్రికి కాదని, మెకానిక్ దగ్గరికేనని మూడుసార్లు స్పష్టం చేశాడు. చేతిలో ఒక గుడ్డ సంచి. అందులో కటింగ్ ప్లేయరు, టెస్ట్ ల్యాంపు.

“రిటైరయినోనికి గవెందుకు?” అంది అక్క.

“లోడు సూసుడుకు.”

పొద్దున్న ఇంకా చల్లగా ఉంది కాబట్టి కిటికీలు దించుకుని వెళ్లాం. ఏడింటికి కరీం భాయ్ షట్టరు లేచింది. బర్రెలు బెదరలేదు. వాళ్లిద్దరూ ఒకరి సంచిలోకి ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు.

మోటారు విప్పడానికి పావుగంట పట్టింది. గుండ్రటి డబ్బాలో పంజరంలాంటి ప్లాస్టిక్ పంఖా. కరీం భాయ్ వేలితో తిప్పితే సగం చుట్టు తిరిగి ఆగింది. ఒక పాత వార్తాపత్రిక పరిచి దాని మీద దులిపాడు.

పొగాకులా నల్లబడిన బంతిపూల రేకులు రాలాయి. ఒక దోసెడు. తర్వాత జమ్మి ఆకులు, మామిడాకు ముక్కలు. ఇరుసుకు గట్టిగా చుట్టుకుని ఒక పసుపు దారం.

ముందు అద్దం కింద, బానెట్ అంచున జాలీ ఉంటుంది. బయటి గాలి లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. ఈ కారుకు ఆ జాలీ ఒక మూల విరిగింది. లోపల ఫిల్టరు లేదు, అప్పట్లో ఇలాంటి కార్లకు పెట్టేవారు కాదు. పైన ఏది ఎండితే అది నేరుగా పంఖాలోకి.

“దసరా దండ” అన్నాడు కరీం భాయ్, దారాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ. “ఒక్క దసరా కాదు. మూడు దసరాలది. తెల్లారి తీసేస్తరు కదా సార్ అందరు?”

నేను బావ వైపు చూశాను. బావ పత్రిక వైపు చూశాడు.

మా అపార్టుమెంట్లో పండగ మర్నాడే వాచ్‌మన్ దండలన్నీ తెంపి పారేసి కార్లు కడుగుతాడు. లైన్‌మన్ల పద్ధతి అది కాదు. దసరాకు ప్లేయరు, నడుముకు కట్టుకునే బెల్టు, నిచ్చెన, ఆఫీసు జీపు వరసగా పెట్టి పూజ చేస్తారు. జీపుకు వేసిన దండ చేత్తో తీయకూడదు. తీస్తే లైన్ తెగుతుందని నమ్మకం. తనంత తానే ఎండి రాలిపోవాలి. ఆ జీపుకు ఏసీ లేదు కాబట్టి ముప్పై నాలుగేళ్లలో దాని వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. రిటైరయ్యాక బావ ఆ శాస్త్రాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఒకసారి సంధ్య దండ తీయబోతే రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదట.

“ఎవరు వేసిన్రు సార్ దండ?” అన్నాడు కరీం భాయ్ నాతో.

పత్రికలో సమాచారం ఎవరిచ్చారో బయటపెట్టకూడదు. నేను బర్రె వైపు చూశాను.

“లోడు పెట్టినోడే వేసిండు” అన్నాడు బావ.

 కరీం భాయ్ దారాన్ని పూరేకులతో సహా పత్రికలో మడిచి నా చేతిలో పెట్టాడు. ఇరుసుకు నూనె వేశాడు. ఈసారి వేలితో తిప్పితే పంఖా తిరుగుతూనే ఉండిపోయింది.

ఇంక మిగిలింది నిన్న కాలిన రెసిస్టర్. ఏడున్నరకు ఏ శేఠ్ కూడా దుకాణం తెరవడు. కరీం భాయ్ ఆ ముక్కను చూసి, “ఇదంత కాలలేదు. మధ్యల వేడి ఫ్యూజ్ ఒక్కటే పోయింది” అన్నాడు. రేకు డబ్బా ఒకటి వెతికి, పాత రైస్ కుక్కర్‌లోంచి తీసిన చిన్న గుళికలాంటిది పట్టుకొచ్చాడు. రెండింటి మీదా ఉన్న డిగ్రీల అంకె బావ అద్దాలు పెట్టుకుని చదివాడు. ఒకటే.

కరీం భాయ్ టంకం పెట్టే కడ్డీ ప్లగ్గులో పెట్టాడు.

“వద్దు భాయ్” అన్నాడు బావ. “టంకం వేడికి గదే పోతది. కాడలు కలిపి, గొట్టం వేసి నొక్కాలె.”

“సహీ బాత్” అన్నాడు కరీం భాయ్, కడ్డీ ఆపేస్తూ.

బావ సంచిలోంచి ప్లేయరు తీశాడు. పిడి మీద మూడు దసరాల కుంకుమ ఉంది. ఆయన ఎడమ చేతికి డయాలసిస్ కోసం నరం కలిపి కుట్టారు, ఆ చేత్తో బరువు పెట్టకూడదు. అది చూసిన కరీం భాయ్ ముక్కను తన రెండు చేతులతో పట్టుకున్నాడు. బావ కుడిచేత్తో నొక్కాడు. మూడు చేతులతో ఆ పని అయింది. నాలుగో చెయ్యిగా నేను టార్చి పట్టుకున్నాను, అదీ తప్పు వైపు పట్టుకున్నానని ఇద్దరూ చెప్పారు.

రెండో నంబరు పెట్టాం. గాలి వచ్చింది. అరుపు లేదు.

“పోదామా బావా?”

“గంట కూసుంట. కరెంటిచ్చి ఎంటనే జీపెక్కేటోడు లైన్‌మన్ కాదు.”

గంటసేపు ఆయన ఆగి ఉన్న కారులో, గల్లీ మధ్యలో, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. వాడకం పాలు పొయ్యడానికి వెళ్లేవాళ్లు కారును చుట్టి వెళ్లారు. లక్ష్మక్క వచ్చి కిటికీలోంచి మజ్జిగ ఇవ్వబోయింది. నాకు వద్దమ్మా అని, అది ఎంత చిక్కగా ఉందో చూడ్డానికి మాత్రం గ్లాసు అందుకుని, చూసి తిరిగిచ్చాడు. మోటారు పనికి కరీం భాయ్ ఐదు వందలు తీసుకున్నాడు. ఫ్యూజుకు తీసుకోలేదు. అది వేసింది తను కాదన్నాడు.

గంట తర్వాత బావ వాసన చూశాడు. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూశాడు.

“ఇంటికి పోయి స్నానం చేస్త. పదకొండింటికి బయల్దేరాలె గద.”

మూసీ మీద

తిరుగు ప్రయాణం సాయంత్రం ఐదింటికి. ఎండ ఏమీ తగ్గలేదు. నాలుగు గంటల మెషిన్ తర్వాత బావ మొహం సుద్దలా ఉంది. నన్ను ఆగమని, గుండీ తనే తిప్పాడు. రెండు. కాసేపు దాని కింద కూర్చున్నాడు. ఒకటికి తెచ్చాడు. మూడుకు పంపాడు. మళ్లీ రెండుకు తెచ్చి చెయ్యి తీశాడు. వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. మలక్‌పేట దగ్గర మళ్లీ ఆగింది. తలుపు పిడి మీదికి ఆయన చెయ్యి వెళ్లలేదు.

గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. బావ తన కాళ్ల మీదే దిగాడు.

“ఏమున్నదట కార్ల?” అంది.

“లోడు ఎక్కువైంది” అన్నాడు బావ.

అంతకు మించి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మడిచిన పత్రిక ఇంకా నా సీటు కింద ఉంది.

అరుగెక్కుతూ మాత్రం ఒకసారి వెనక్కి తిరిగాడు.

“బామ్మర్ది, సంధ్యకు ఫోన్ చేసి చెప్పు. మంగళవారం పదింపావుకే పోవాలె. జల్ది పోతే కిటికీ పక్క మంచం దొరుకుతది.”